ఏం పెట్టి దాచనండీ!

మా గోదావరి జిల్లాల్లో అజ్జరం అంటే ఇత్తడి. బిందెలు, గుండిగలు, కాగులు, గుడి గంటలు, ఆడపిల్లకి పెట్టే సారె సామాను, ఏది కావాలన్నా పెద్దవాళ్లు ముందు ఆ ఊరి పేరే ఎత్తేవారు. పెరవలి పక్కనే ఉంటుంది. మా అమ్మమ్మగారిది ఆ చుట్టుపక్కల ఊరే కాబట్టి నా వేసవి సెలవులన్నీ సుత్తి చప్పుళ్లలోనే గడిచాయి. గోడకి అవతలి ఇల్లు ఒక కంచరి తాతగారిది. రేకు కొట్టి బిందెలు చేసేవాళ్లు చాలామందే ఉండేవారు గానీ ఆయనది పోత పని. మైనంతో బొమ్మ చేసి, దానికి మట్టి మెత్తి, కాల్చి మైనం బయటికి పంపేసి, ఆ ఖాళీలో కరిగిన లోహం పోసే పాత పద్ధతి. దీపపు సెమ్మెలు, ఉత్సవ విగ్రహాలు, దేవుడి గూట్లోకి చిన్న చిన్న లక్ష్మీదేవులు, ఆంజనేయస్వాములు చేసేవారు.

వాటన్నిటిలో నాకు బాగా గుర్తుండిపోయింది ఒక బుద్ధుడు. ఆ ఒక్క బొమ్మకి తాతగారు పడ్డ అవస్థ ఏ దేవుడికీ పడగా నేను చూడలేదు.

1990 వేసవి అది. ఆ ఏడాది బుద్ధుడి మాట రాని అరుగు లేదు. మార్చిలో హుస్సేన్ సాగర్ మధ్యలోకి పెద్ద రాతి బుద్ధుణ్ని తీసుకెళ్తుంటే పడవ ఒరిగి విగ్రహం నీళ్లలోకి జారిపోయింది, మనుషుల ప్రాణాలు కూడా పోయాయి. 1992 డిసెంబరులో గానీ దాన్ని పైకి తీసి నిలబెట్టలేదు. ఈలోగా మా ఊళ్లో ప్రతివాడూ ఇంజనీరే. మరోపక్క అంబేద్కర్‌కి భారతరత్న వచ్చింది కూడా ఆ సంవత్సరమే, శతజయంతి హడావిడి మొదలైంది. సరిగ్గా అప్పుడే కోనసీమ నుంచి ఒక మాస్టారు తాతగారిని వెతుక్కుంటూ వచ్చారు.

మాస్టారిది మామిడికుదురు వైపు. సోషల్ చెప్పి రిటైరయ్యారు. బస్సులు మారి, రావులపాలెం మీదుగా సిద్ధాంతం వంతెన దాటి వచ్చేవారు. వాళ్ల పేటలో అంతా చందాలేసుకుని ఒక గది కట్టుకున్నారట. గోడకి అంబేద్కర్ పటం, కింద ఒక సిమెంటు దిమ్మ. ఆ దిమ్మ మీదకి ఇత్తడి బుద్ధుడు కావాలి, బుద్ధ పౌర్ణమికల్లా అందాలి.

"ఆయ్, దానికేం భాగ్యం మాస్టారూ. దశావతారాల్లో తొమ్మిదో ఆయనే కదండీ. వెనకాల మకరతోరణం పెట్టమంటారా? శంఖు చక్రాలు ఏ చేతుల్లో?" అన్నారు తాతగారు, కాగితం పెన్సిలు తీసుకుని.

"అవతారం కాదండీ ఆచారి గారూ," అన్నారు మాస్టారు, చాలా మెల్లగా. 1956 అక్టోబరులో నాగపూర్‌లో అంబేద్కర్ లక్షల మందితో చేయించిన ఇరవై రెండు ప్రతిజ్ఞల్లో అయిదోది అదేనని, బుద్ధుడు విష్ణువు అవతారమన్న మాట తాము ఒప్పుకోమని చెప్పారు. తాతగారు మొహం చిట్లించుకోలేదు, వాదించనూ లేదు. "సరే, రెండు చేతులే. మకుటం ఎంత ఎత్తు పెట్టమంటారు?" అన్నారు. మకుటం లేదు. "పోనీ కంఠాభరణం?" లేదు. "జంధ్యం, కేయూరాలు, మొలనూలు, కాలి కడియం?" ఏదీ లేదు.

ఇది విన్నాక తాతగారు పెన్సిలు కింద పెట్టేశారు.

"మాస్టారూ, కిరీటం పెడితే తల కొలత కాస్త అటూ ఇటూ అయినా కనబడదండి. హారాలేస్తే మెడ పొడుగు దాగిపోద్ది. కంకణాలుంటే మణికట్టు ఎవడూ చూడడు. ఈయనకి నేనేం పెట్టి దాచనండీ!"

పనివాడు తన పని గుట్టు ఇంత నిజాయితీగా చెప్పడం నేను ఆ తర్వాత ఎక్కడా వినలేదు. మ్యూజియాల్లో బుద్ధుడి ముందు నిలబడ్డప్పుడల్లా నాకు ఈ మాటే గుర్తొస్తుంది. నగల పనితనం చూసి ఆహా అనుకుంటాం, అది కష్టమే, కాదనను. కానీ నున్నటి భుజం, ఏ ఆధారమూ లేని మెడ, ఊరికే ఒళ్లో ఉన్న చెయ్యి, వీటిని ప్రాణమున్నట్టు తీర్చడం అంతకంటే కష్టమని నా నమ్మకం.

మాస్టారు రెండు బొమ్మలు తెచ్చారు. ఒకటి ఎవరో ఇచ్చిన థాయిలాండ్ బుద్ధుడి క్యాలెండరు, నెత్తి మీద మంట లేచినట్టు ఒక మొన ఉంటుంది. రెండోది అమరావతి బుద్ధుడి ఫోటో, ఏదో పుస్తకంలోంచి తీసింది. తాతగారు మంట బొమ్మని పక్కన పెట్టి అమరావతి వైపే మొగ్గారు. "మన మొహం ఉందండి ఈయనకి," అన్నారు. గుండ్రటి బుగ్గలు, నిండు పెదవులు, కుడి భుజం ఖాళీగా వదిలి ఎడమ భుజం మీద నుంచి జారే చీవరం, ఆ బట్ట మీద సన్నటి సమాంతర మడతలు. ఇప్పుడు నాకు తెలిసిందేమిటంటే, ఆంధ్ర బుద్ధుల గుర్తే ఆ చీవరం. నిలుచున్న విగ్రహాల్లో కింద అంచు దళసరిగా వంపు తిరిగి ఎడమ చేతి మీదికి లేస్తుంది. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న బుద్ధపాడు కంచు బుద్ధుడు ఆరో శతాబ్దం ప్రాంతానిది, దాన్లోనూ ఇదే తీరు. ఈ శైలే సముద్రం దాటి సింహళానికి, ఇంకా తూర్పు దేశాలకీ వెళ్లింది. క్యాలెండరులోని మంట కూడా పరాయిదేం కాదు. నాగపట్నంలో 1856 నుంచి బయటపడిన మూడొందల యాభైకి పైగా కంచు బుద్ధుల్లో చాలావాటికి నెత్తిన జ్వాల ఉంటుంది. కొన్ని చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో చూశాను.

అయితే నెత్తి మీద ఆ గుమ్మటం ఎందుకు, నుదుటి మీద చుక్క ఎందుకు, చెవులు భుజాల దాకా ఎందుకు అని తాతగారు ఒక్కొక్కటీ అడిగి తెలుసుకునే దాకా మైనం ముట్టుకోలేదు. గంట కొట్టినట్టు జవాబు చెప్పేవారు మాస్టారు. నడినెత్తిన ఉన్నది ఉష్ణీషం, జ్ఞానానికి గుర్తు. కనుబొమల మధ్యది బొట్టు కాదు, ఊర్ణ, తెల్లటి వెంట్రుక సుడి. మహాపురుషుడికి ముప్పై రెండు లక్షణాలు చెబుతారు, ఇవి వాటిలోవే. చెవుల సంగతి వచ్చేసరికి తాతగారి కళ్లు మెరిశాయి. రాకుమారుడిగా ఉన్నన్నాళ్లు బరువైన కుండలాలు పెట్టుకుని తమ్మెలు సాగిపోయాయి, ఇల్లు వదిలినప్పుడు కుండలాలు తీసేశాడు, సాగిన చెవులు మాత్రం మిగిలాయి.

"అంటే నగ తీసేసిన గుర్తు వెయ్యాలన్నమాట," అన్నారు తాతగారు. ఇన్నాళ్లూ నగలు చేసిన మనిషికి అది భలే నచ్చింది. ఆ తమ్మెల్లో పొడుగాటి చీలిక తియ్యడానికి ఒక పొద్దంతా కూర్చున్నారు.

జుట్టు దగ్గర నాకూ పని దొరికింది. తేనెమైనంలో గుగ్గిలం, కొంచెం నూనె కలిపి కాచి, చల్లారాక పీట మీద అరచేత్తో సన్నటి తాళ్లుగా పామాలి. ఒక్కో ముక్కనీ చుట్ట చుట్టి తల మీద అతికించాలి, జంతిక చుట్టినట్టే, కాకపోతే మినపగింజంత. ఎన్ని వందలు చుట్టామో. అన్నీ కుడివైపుకే తిరగాలి. "దక్షిణావర్త శంఖం చూశావా అమ్మడూ? అలాగ," అని చెప్పి, ఎడమవైపు తిరిగినవాటిని గోటితో తీసి మళ్లీ నా చేతిలో పెట్టేవారు. మా అమ్మమ్మ గోడ మీంచి "పిల్లకి అన్నం వేళ అయింది, ఆయన జుట్టు ఎక్కడికీ పోదులే" అని కేకేసేది.

కొలతలు నన్ను అంతకన్నా ఎక్కువ ఆశ్చర్యపరిచాయి. గడ్డం నుంచి నుదుటి మీద జుట్టు మొదలయ్యేదాకా ఒక తాళం. దాన్ని పన్నెండు భాగాలు చేస్తే ఒక్కోటి ఒక అంగుళం, మన స్కేలు మీద అంగుళం కాదు, ఆ విగ్రహం సొంత అంగుళం. కొబ్బరాకు చీల్చి, మడతలు పెట్టి దానిమీదే గుర్తులు పెట్టుకునేవారు. తమిళనాడులో స్వామిమలై స్థపతులూ కొబ్బరాకే వాడతారని తర్వాత తెలిసింది. పద్మాసనంలో కూర్చున్న మూర్తికి దారం లెక్క వేరే ఉంది. ఈ మోకాలి నుంచి ఆ మోకాలికి ఎంతో, కుడి మోకాలి నుంచి ఎడమ భుజానికి అంత, ఎడమ మోకాలి నుంచి కుడి భుజానికీ అంతే, పీఠం నుంచి జుట్టు మొదలుకీ అంతే. జైన తీర్థంకరులకి చెప్పే లెక్క ఇది. మా జిల్లాల్లో కొన్ని ఊళ్లలో పాత జైన విగ్రహాలని సన్యాసి దేవుడని కొలుస్తారు, తాతగారికి వాటితో పరిచయం ఉంది. "ఆయనా ఈయనా ఒకలాగే కూర్చుంటారు గానీ ఆయన ఒంటి మీద గుడ్డ గీత ఉండదు, చేతులు ఒళ్లోంచి కదలవు," అని తేడా చెప్పారు.

చేతుల దగ్గరే ఇద్దరికీ పేచీ వచ్చింది. తాతగారు అభయముద్ర పెడదామన్నారు. అది ఆయనకి చెయ్యి తిరిగిన పని, పైగా అమరావతి ఫోటోలోనూ అదే. మాస్టారు ఒప్పుకోలేదు. ఎడమ చెయ్యి ఒళ్లో, కుడి చెయ్యి మోకాలి మీంచి కిందకి దిగి వేళ్లు నేలని తాకుతూ ఉండాలి, భూమిస్పర్శ. బోధివృక్షం కింద కూర్చున్నప్పుడు, ధ్యానం చెడగొట్టాలని చూసే మారుడు వచ్చి, ఈ ఆసనం నీదని సాక్ష్యం ఎవరు చెబుతారని అడిగాడట. పక్కన మనిషి లేడు. చెయ్యి చాపి నేలని తాకాడు.

"మా పేటలో సెంటు భూమి లేనోళ్లే ఎక్కువండి ఆచారి గారూ. ఆయన పిలిచిన సాక్షి భూమే. నాకు అదే కావాలి," అన్నారు మాస్టారు.

తాతగారు ఇంక మాట్లాడలేదు. అమరావతి చీవరానికి భూమిస్పర్శ ముద్ర కలిసింది. ఆ ముద్ర ఎక్కువగా బీహారు, బెంగాలు వైపు పాలరాజుల కాలపు శిల్పాల్లో కనబడేది. పండితులెవరైనా చూస్తే ఇదేం కలగలుపు అంటారేమో. అననివ్వండి. ఆ గదికి ఆ బుద్ధుడే సరైనవాడు.

మాటల్లో మాటగా మాస్టారు ఆదుర్రు గురించి చెప్పారు. వాళ్ల ఊరికి దగ్గరే, వైనతేయ పాయ పక్కన పాత బౌద్ధ స్తూపం ఉంది. ఊళ్లోవాళ్లు దుబరాజు గుడి అంటారు, అశోకుడి కూతురు సంఘమిత్ర సింహళం వెళ్తూ ఇక్కడ ఆగిందని కథలు చెప్పుకుంటారు. తొలిరోజుల్లో మన దగ్గర బుద్ధుడికి మనిషి రూపం చెక్కేవారే కాదట. పాదాలు, ఖాళీ సింహాసనం, చెట్టు, ధర్మచక్రం, ఇవే ఆయన. విగ్రహం తర్వాతెప్పుడో వచ్చింది. ఇది వినగానే తాతగారు "ముందే చెప్పకపోయారా, రెండు పాదాలు పోసిచ్చి చేతులు దులుపుకునేవాణ్ని!" అన్నారు. మాస్టారు అంత గట్టిగా నవ్వడం చూసింది అప్పుడే.

మైనపు బొమ్మ తయారయ్యాక తాతగారు ఒక ప్రశ్న వేశారు. "దిమ్మ ఎంత ఎత్తండీ? దాని ముందు నించుంటారా, కూచుంటారా?" చాప మీద కూచుంటారన్నారు మాస్టారు. అయితే బొమ్మని ముక్కాలిపీట మీద పెట్టి తాతగారు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. సగం మూసిన ఆ కళ్లు కిందకి చూస్తాయి కదా, ఎక్కడికి చూస్తున్నాయో కింద నుంచి చూస్తేనే తెలుస్తుంది. రెప్ప ఒక వెంట్రుక మందం ఎక్కువ దిగితే నిద్రపోతున్నట్టు ఉంటుంది, తక్కువ దిగితే దేన్నో వెతుకుతున్నట్టు ఉంటుంది. ఆ రెప్పల్ని ఎన్నిసార్లు చెరిపి దిద్దారో లెక్క లేదు. ఇప్పుడు షోరూముల్లో ఎత్తు అరల మీద పెట్టిన బుద్ధుళ్లని చూస్తే చిరాకేస్తుంది. గోడకేసి చూస్తూ ఉంటారు పాపం.

లోహం సంగతి వేరే కథ. మైనం బరువుకి ఇత్తడి సుమారు తొమ్మిది, పది రెట్లు పడుతుంది. ఎంత లోహం కావాలో ముందే తేలడానికి మైనాన్ని తూచాలని 12వ శతాబ్దపు మానసోల్లాసంలోనే ఉంది. తాతగారు ఆ గ్రంథం పేరు విన్నారో లేదో గానీ తక్కెడ మాత్రం తీశారు. మన స్కేలు లెక్కన తొమ్మిది అంగుళాల బొమ్మ, కిలోంపావు మైనం. పోత గొట్టంలో మిగిలేదీ, తరుగూ కలుపుకుని పధ్నాలుగు కిలోలు తెమ్మన్నారు. మాస్టారు ఇంటింటికీ తిరిగి పాత ఇత్తడి అడిగారు. "మా ఇళ్లల్లో ఇత్తడి ఎక్కడిదండీ, అన్నీ సత్తు గిన్నెలే," అంటూనే గోనెసంచి దింపారు. చిల్లుపడ్డ బిందె ఒకటి, మరచెంబులు, పెళ్లికి చదివించిన గ్లాసులు, ఎవరో ముసలమ్మ ఇచ్చిన కాటుక బరిణె. చెంబు మీద చెక్కించుకున్న పేర్లు నేను పైకి చదువుతుంటే తాతగారు వాటిని సుత్తితో మడతపెట్టి మూసలో వేశారు. తక్కువైన రెండు కిలోలూ తన కొట్లోంచే తీశారు, డబ్బు లెక్కలో రాయలేదు.

పౌర్ణమికి ఇవ్వడం మాత్రం కుదరలేదు. మెత్తగా నూరిన పుట్టమన్ను మొదటి పూత, ఒండ్రుమట్టి రెండోది, ఊక కలిపిన ముతక మట్టి మూడోది వేసి, ఇనపతీగ చుట్టి నీడన ఆరబెట్టారు. ఆ ఏడు బుద్ధ పౌర్ణమి మే 9న. అదే రోజు తుఫాను తీరం దాటింది. కోస్తా అంతా అతలాకుతలం, తొమ్మిది వందల మందికి పైగా పోయారు. మా వైపు కొబ్బరిచెట్లు పడిపోయి, కరెంటు పోయి, రోడ్లు తెగి ఒకటే టెన్షన్. పూరిపాక కారుతుంటే తాతగారు ఆ మట్టిముద్దని తెచ్చి మా అమ్మమ్మ వంటింట్లో, పొయ్యికి దూరంగా ఎత్తు పీట మీద పెట్టారు. పొయ్యి దగ్గరైతే మైనం మెత్తబడుతుంది, వాకిట్లో అయితే మట్టి కరుగుతుంది. వానలు వెలిసేదాకా మేం ఆ ముద్ద చుట్టూనే వండుకుని తిన్నాం. మాస్టారి దగ్గర్నుంచి కబురు లేదు. వాళ్లు ఉన్నారో లేదో తెలియక తాతగారు రోజూ బస్సులొచ్చే వేళకి రోడ్డు మీదకెళ్లి వచ్చేవారు. చివరికి ఒకరోజు మాస్టారే దిగారు. పేటలో పాకలన్నీ లేచిపోయాయి, ఆ ఒక్క గదీ నిలబడింది, జనమంతా అందులోనే తలదాచుకున్నారని చెప్పారు.

పోత పోసింది జూన్ మొదట్లో. ఇత్తడి కరిగేటప్పుడు అందులోని యశదం, అదే జింకు, మండి ఆకుపచ్చ మంట, తెల్లటి పొగ లేస్తాయి. పిల్లల్ని దూరంగా తరిమేశారు. ధార తెగకుండా ఒక్క ఊపున పొయ్యాలి, గాలి గొట్టాల్లోంచి లోహం తొంగిచూస్తే నిండినట్టు. మర్నాడు మట్టి పగలగొడితే నల్లగా, గొట్టాలతో సహా బయటికొచ్చాడు. నేలని తాకే వేళ్లు నిండుగా వచ్చాయా లేదా అన్నదే అందరి భయం. వచ్చాయి. వీపు మీద రెండు మూడు బుగ్గకన్నాలుంటే ఇత్తడి సీలలు కొట్టి ఆకురాయితో సాపు చేశారు. మన దక్షిణాది చిన్న విగ్రహాలు ఇలా ఘనంగా పోస్తారు. నేపాల్, టిబెట్ వాళ్లు బోలుగా పోసి, లోపల మంత్రాలు రాసిన కాగితం చుట్టలూ, ధాన్యమూ, పవిత్ర వస్తువులూ నింపి అడుగున రాగిరేకుతో మూసేస్తారు.

కనుపాప గీత మాత్రం తాతగారు చివరిదాకా ఉంచారు. మామూలుగా అయితే ముహూర్తం, బంగారు సూది, పురోహితుడు ఉండాలి. మాస్టారు అవేమీ వద్దన్నారు. "మీవి వద్దంటే సరే, నా పని నాది," అని తాతగారు తెల్లవారుజామున స్నానం చేసి, బొమ్మకి ఎదురుగా ఎవర్నీ నిలబడనివ్వకుండా, పక్కనుంచి చెయ్యి పెట్టి ఉలితో రెండు గీతలు గీశారు. శ్రీలంకలో ఈ పని చేసే శిల్పి విగ్రహానికి వీపు పెట్టి, అద్దంలో చూస్తూ కళ్లు దిద్దుతాడని పెద్దయ్యాక చదివాను. ఆ తొలిచూపు మనిషి మీద నేరుగా పడకూడదట.

పెళ్లయ్యాక మాది అమలాపురం. ఇప్పుడు మా జిల్లాకి అంబేద్కర్ పేరే పెట్టారు, పేటపేటకీ బుద్ధుడున్నాడు. ఎక్కువ ఫైబరువి, బంగారు రంగు పూసినవి. కొత్తపేట శిల్పులు నాయకుల విగ్రహాలు ఎంత పోలికతో తీస్తారో నాకు తెలుసు, వాళ్ల చేతిపనికి వంక పెట్టను, ఆ రంగు మీదే నా గొడవంతా. మాస్టారి గదిలో బుద్ధుడు మాత్రం అలాగే ఉన్నాడు, దిమ్మకి ఇప్పుడు గ్రానైటు వేశారు. ఓసారి తాతగారిని కూడా కారులో ఎక్కించుకుని వెళ్లాం. అప్పటికే ఆయనకి చూపు తగ్గింది. బొమ్మ మొహం వేళ్లతో తడిమి చూసి మండిపడ్డారు.

"చింతపండుతో తోముతున్నారు కదూ?"

అక్కడున్న ఆడవాళ్లు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. ప్రతి పౌర్ణమికీ తోముతున్నామన్నారు, మెరవకపోతే ఎలాగండీ అని కూడా అన్నారు.

"మెరుపు కాదమ్మా, రెప్పలు పోతన్నాయి! ముక్కు అరిగిపోద్ది, పెదాలరిగిపోతాయి, తర్వాత నున్నటి గుండు మిగులుద్ది మీకు. పొడిగుడ్డ పెట్టి తుడవండి, చాలు."

అందరూ బుద్ధిగా తలలూపారు. మొన్న వైశాఖంలో వెళ్లి చూద్దును కదా, దిమ్మ కింద గిన్నెలో చింతపండు నానుతోంది.